ఏడు గొడుగుల ఆరోగ్యవంతుడు

మా ఆస్పత్రి మూత్రరోగాల విభాగంలో ఒక పెద్ద డాక్టరు, ఇద్దరు సర్జన్లు, గోడ నిండా సర్టిఫికెట్లు ఉన్నాయి. కానీ వచ్చే రోగుల దృష్టిలో అసలు పెద్దమనిషి ఒక్కడే. కింద హాల్లో, మెట్ల పక్కన, కిటికీ అంత కౌంటరులో కూర్చుని ఖాళీ సీసాలు ఇచ్చి నిండు సీసాలు పుచ్చుకునే సీసాల బాబాయి. ఆయన పక్క కౌంటరులో రక్తం తీసేది నేను. పదకొండేళ్ళుగా మా ఇద్దరి మధ్య అడ్డం ఒక గాజు పలక మాత్రమే. కనుక ఆయన చరిత్ర రాసే అర్హత నాకే ఉంది. ముందుగా చెబితే ఫోటోతో సహా అచ్చు వేయమంటాడు కాబట్టి, చెప్పకుండానే రాస్తున్నాను.

సీసా చేతికి రాగానే బాబాయి దాన్ని ట్యూబులైటు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, నగల కొట్టు యజమాని రాయిని చూసినట్టు చూసేవాడు. "నీళ్ళు కలిపావు" అనేవాడు. "ఇది పొద్దున లేవగానే పట్టింది కాదు, మా గేటు పక్కన పట్టింది" అనేవాడు. నూటికి తొంభైసార్లు నిజమే అయ్యేది. నలుగురి ముందూ దొరికిపోయిన మగవాళ్ళు మెడలు వంచుకుని కొత్త సీసా తీసుకుని వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళ విషయంలో ఆయనకు ఇంత పని పడేది కాదు. వాళ్ళు చెప్పినట్టు పట్టి, మూత బిగించి, గుడ్డతో తుడిచి మరీ ఇచ్చేవాళ్ళు. అబద్ధాలన్నీ మీసాల కిందనుంచే వచ్చేవి.

వాటిల్లో రాజులాంటి అబద్ధం ఒకటుంది. సీసాలో ఎర్రజీర కనిపించగానే యాభై దాటిన ప్రతి మగవాడూ, ముందుగా అంతా కూడబలుక్కున్నట్టు, "నిన్న బీట్‌రూట్ తిన్నానండీ" అనేవాడు.

"దేశంలో పండే బీట్‌రూటంతా నా కౌంటరుకే వస్తోందయ్యా" అని బాబాయి హాలు హాలంతా వినపడేలా అనేవాడు. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు. పైకెళ్ళి డాక్టరుకు చూపించు, పో."

గురువారాలు పై అంతస్తులో డాక్టర్ల సమావేశం జరిగేది. ఐసు పెట్టెలో నమూనాలు పైకి మోసుకెళ్ళే వంకతో బాబాయి తలుపు దగ్గర అరగంట నిలబడేవాడు. ఆ అరగంట చదువుతో వారమంతా కింద ప్రాక్టీసు నడిచేది. "ప్రోస్టేట్ అంటే ఇదివరకటిలా కనపడగానే కోసెయ్యడం కాదు నాయనా. ముందు స్కానింగు తీస్తారు, అనుమానం ఉన్నచోటే సూది వేస్తారు. కొన్ని క్యాన్సర్లు మనిషితో పాటే ముసలివైపోతాయి, మనిషినేమీ అనవు. అలాంటివాటిని కొయ్యరు, పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉంటారు. మూత్రసంచి కథ వేరు. అక్కడ ఎర్రచుక్క కనిపించిందంటే మాత్రం చెప్పులు వేసుకునే లోపు పరిగెత్తాలి." నాకు ఒళ్ళుమండేది ఎక్కడంటే, ఆయన చెప్పేదాంట్లో తప్పు ఒక్కటీ ఉండేది కాదు.

ఇలా ఉండగా పరిశోధన మేడమ్ వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, ఎవరు ఎదురుపడ్డా ముందు తనే పక్కకు తప్పుకునే మనిషి. మూత్రసంచి క్యాన్సరు ఒకసారి వచ్చినవాళ్ళకు అది మళ్ళీ వచ్చిందేమోనని మూడు నెలలకోసారి లోపలికి గొట్టం పెట్టి చూస్తారు. ఎక్కడినుంచి పెడతారో చెప్పక్కర్లేదు. ఆ మాట అనగానే బస్తాలు మోసే కూలీలు కూడా కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంటారు. కణితి అన్నది లోపల ఉంటే తన జన్యువుల ముక్కలను మూత్రంలోకి రాలుస్తుందట. వాటిని పట్టగలిగితే గొట్టం బదులు సీసాతోనే సరిపోతుంది. మేడమ్ నాలుగేళ్ళుగా ఆ పరీక్ష మీదే కూర్చుంది. రోగుల నమూనాలు చాలానే పోగయ్యాయి. ఇక పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేని, యాభై ఐదు దాటిన మగవాళ్ళు ఇరవై మంది కావాలి. ఆస్పత్రి ఉద్యోగులు పనికిరారు. సీసా ఇచ్చిన ఒక్కొక్కరికీ ఒక నల్ల గొడుగు బహుమతి. దాని మీద తెల్ల అక్షరాలతో "మీ ఆరోగ్యమే మా పరిశోధనకు బలం" అని అచ్చు వేయించారు.

"ఇరవై మందేనా?" అన్నాడు బాబాయి. "నాకు వదిలెయ్యండి మేడమ్. రెండు వారాల్లో వరసగా నిలబెడతాను."

మగవాళ్ళను నిలబెట్టడం పెద్ద పనేమీ కాలేదు. ఇరవై మందీ వచ్చారు, కాగితాల మీద సంతకాలు చేశారు, సీసాలు జేబుల్లో వేసుకుని ఇళ్ళకు వెళ్ళారు. తెల్లారి లేవగానే పట్టింది తేవాలి. పదమూడు సీసాలు తిరిగి వచ్చాయి, అందులో సగం పెళ్ళాల సంచుల్లో వచ్చాయి. మిగిలిన ఏడింటి జాడ లేదు. అడిగితే సిగ్గన్నారు. నిజానికి అది సిగ్గు కాదు, అందులో ఏదైనా బయటపడుతుందేమోనన్న భయం. భయం అంటే పరువు తక్కువ, సిగ్గు అంటే మర్యాద. బాబాయి ఇంటి ఎదుటి టైలరు ఆ సీసాలో చొక్కా గుండీలు పోసుకున్నాడు. స్కూలు బస్సు నడిపే సొంత బావమరిది మరలూ నట్లూ వేసుకుని డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. వియ్యంకుణ్ణి సీసా ఏదని అడగడానికి బాబాయికే మొహం చెల్లలేదు.

గడువు శుక్రవారం. వరసగా నిలబెడతానని కోసిన కోతలు హాలంతా విన్నారు. ఇప్పుడు పదమూడే వచ్చాయని చెప్పడం కన్నా ఏ పనైనా సులువే అనిపించింది ఆయనకు. చివరికి ఏం చేశాడయ్యా అంటే, కౌంటరులోంచి ఏడు కొత్త సీసాలు తీసి, ఆ ఏడుగురి నంబర్ల చీటీలూ అంటించి, అన్నీ తనే నింపాడు.

అది కూడా ఆషామాషీగా నింపలేదు. పదకొండేళ్ళ అనుభవమంతా ధారపోశాడు. ఒకరోజు రెండు చెంబుల నీళ్ళు తాగి పడుకుని తేటగా పట్టాడు. మరుసటి రోజు చుక్క నీరు ముట్టకుండా చిక్కగా పట్టాడు. ఒక పొద్దున బి-విటమిన్ మాత్ర వేసుకుని పసుపుపచ్చగా సాధించాడు. ఏడు సీసాలు, ఏడు రంగులు. పక్కపక్కన పెడితే తనే పట్టుకోలేనని నాతో తర్వాత చెప్పుకున్నాడు, ఆ పరిస్థితిలో కూడా కాస్త గర్వంగానే. ఏడుగురి పేరా ఏడు గొడుగులూ పుచ్చుకుని, రోజుకొకటి చొప్పున ఇంటికి చేర్చాడు. మేడమ్ ఆయనకు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. "మీరు లేకపోతే ఈ పని జరిగేది కాదు బాబాయ్ గారూ" అంది. ఆ దండాన్ని కూడా పుచ్చుకున్నాడు, అదీ నాకు కోపం.

ఐదు నెలల తర్వాత ఒక గురువారం బాబాయి ఐసు పెట్టెతో పైకి వెళ్ళి, అరగంటకు బదులు ఐదు నిమిషాల్లో కిందికొచ్చాడు. ఎవరో సీసా ఇస్తే ట్యూబులైటుకు ఎత్తి చూడకుండానే ట్రేలో పెట్టేశాడు. పదకొండేళ్ళలో అలా జరగడం నేను చూడలేదు.

"ఏమైంది బాబాయ్?"

"ఆ కొత్త పరీక్ష ఎందుకూ కొరగాదట అమ్మాయ్" అన్నాడు. "ఏ జబ్బూ లేనివాళ్ళు ఇరవై మందిలో ఏడుగురికి క్యాన్సరు గుర్తులు చూపించిందట. అలాంటి పరీక్ష ఎవరికి కావాలి? సోమవారం కమిటీ కూర్చుని దాన్ని ఆపేస్తుందట."

పైన బోర్డు మీద ఆ ఏడు నంబర్లూ రాసి ఉన్నాయని ఆయన నాకు చెప్పలేదు. ఆ నంబర్ల చీటీలు ఏ సీసాలకు అంటించాడో ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అంటే ఆ నిమిషం నుంచీ రెండు సంగతులు ఆయన ఒక్కడి చేతిలో ఉన్నాయి. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, పదకొండేళ్ళ పేరు పోతుంది. విప్పకపోతే ఒక మంచి పరీక్ష పోతుంది, దానితోపాటు తనూ పోవచ్చు. దొంగకు తేలు కుట్టినట్టు, అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

ఆయన ఊరుకోవడమే ఎంచుకున్నాడు. ఆ రెండు రోజులూ కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ ఆ పరీక్షను తిట్టిపోశాడు. "మిషన్లను నమ్మితే ఇంతే" అన్నాడు. "కొన్ని క్యాన్సర్లు కొయ్యకుండా కనిపెట్టి ఉంటే చాలు" అని ఎవరూ అడగకుండానే నాతో నాలుగుసార్లు అన్నాడు. ప్రోస్టేట్ మాటను తీసుకొచ్చి మూత్రసంచికి అతికిస్తున్నాడు. అది అతకదని హాల్లో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు, రోజుకు పదిమందికి చెప్పేది ఆయనే కదా. గురివింద గింజ కనీసం తన నలుపు ఎరగదు. ఈయన ఎరిగీ మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

శనివారం ఉదయం హాలు కిటకిటలాడుతున్న వేళ బావమరిది దిగాడు. చేతిలో ఆస్పత్రి ఉత్తరం. మేడమ్ ఆ ఏడుగురినీ గొట్టం పరీక్షకు రమ్మని నేరుగా ఇళ్ళకు ఉత్తరాలు పంపించింది. బావమరిది మొహం మాత్రం లాటరీ తగిలినవాడిలా వెలిగిపోతోంది.

"బావా, చూశావా! నాకు క్యాన్సరు ఉండొచ్చట!" అని కౌంటరు మీద చరిచి నవ్వాడు. "మా ఆవిడ అప్పుడే ఏడుపు అందుకుంది. ఒసే పిచ్చిదానా, నేను అసలు సీసాయే ఇవ్వలేదే, మా బావ ఏదో సర్దేశాడే అని చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. టైలరుకూ వచ్చిందట ఉత్తరం. వాడూ ఇందాకటినుంచి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు."

"మెల్లగా మాట్లాడరా" అన్నాడు బాబాయి.

"మెల్లగా ఏంటి బావా, ఎవడో పాపం నిజంగా జబ్బుమనిషి ఉన్నాడుగా. వాడికి కబురు చెయ్యి ముందు. ఎవడిది పోశావు నా సీసాలో?"

బాబాయి ట్రేలో సీసాల మూతలు ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టాడు. అవన్నీ బిగించే ఉన్నాయి.

"టైలరు సీసాలో ఎవడిది?" అన్నాడు బావమరిది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది కానీ గొంతులో లేదు. "బావా. మొత్తం ఏడూ ఎవరివి?"

గాజు పలకకు ఇవతల నా చేతిలో సూది ఉంది, ఎదురుగా ఒక పెద్దాయన చెయ్యి చాపి ఉన్నాడు. ఆ చేతికి సూది ఎక్కించడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. బావమరిది ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేరుగా అక్క దగ్గరికే వెళ్ళాడని సోమవారం పొద్దున తెలిసింది.

సోమవారం ఎనిమిదింటికల్లా పిన్ని, అంటే బాబాయి భార్య, హాల్లోకి వచ్చింది. ఎప్పుడూ ఆస్పత్రి గడప తొక్కని మనిషి. చంకలో కట్టెలమోపులా గొడుగులు. ఒకటి పక్కింటావిడకు ఇచ్చేసి ఉంటే తెల్లవారగానే వెళ్ళి అడిగి తెచ్చుకుందట. వెనక బాబాయి, బడికి వెళ్ళనని మొరాయించి దొరికిపోయిన పిల్లాడిలా వస్తున్నాడు.

"నువ్వూ రావమ్మా" అంది పిన్ని నాతో. "ఈయన పైకెళ్ళి మాట మార్చకుండా ఒక సాక్షి ఉండాలి."

మేడమ్ గది చిన్నది. బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి పిన్ని ఏడు గొడుగులూ పెట్టింది. మేడమ్ గొడుగులను చూసింది, తర్వాత బాబాయిని చూసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరా?" అంది.

"తప్పయిపోయింది మేడమ్. మాట పోతుందని ఏడూ నేనే..."

"ఒక్కరే అని నాకు శనివారం మధ్యాహ్నమే తెలిసింది" అంది మేడమ్. "ఏడు సీసాల్లోనూ ఉన్నది ఒకే మనిషి. రంగులు మార్చారు కానీ బాబాయ్ గారూ, జన్యువుల్ని ఎలా మారుస్తారు? పరీక్ష తప్పు చెప్పలేదని తెలిశాక సంతోషించాలి కదా నేను. ఆ మనిషి ఎవరో, అసలు ఇన్నాళ్ళకు ఏ స్థితిలో ఉన్నాడో తెలియక రెండు రోజులుగా అన్నం సయించలేదు." ఆవిడ గొంతు అప్పుడు పెరిగింది. ఆ సన్నటి మనిషికి అంత గొంతుందని మాకెవరికీ తెలియదు. "నాలుగేళ్ళ పని! దాన్ని వదిలెయ్యండి. గురువారమే మీకు తెలుసు కదా? బోర్డు చూసి తెలుసు కదా? నాలుగు రోజులు ఎలా కూర్చున్నారు?"

"భయమేసిందమ్మా" అన్నాడు బాబాయి. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

మేడమ్ కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమంది. కాగితం తీసుకుంది. "సిగరెట్లు?"

"పదేళ్ళయింది మానేసి. అంతకుముందు రోజుకో పెట్టె."

"ఎప్పుడైనా ఎర్రగా వచ్చిందా?"

బాబాయి పైకప్పు చూశాడు. నేలను చూశాడు. నన్ను మాత్రం చూడలేదు.

"ఒకసారి... రెండుసార్లేమో... ఎర్రగా అంటే మరీ అంత ఎర్రగా కాదు. ఆ ముందురోజు బీట్‌రూట్..."

"మా ఇంట్లో బీట్‌రూట్ వండి మూడేళ్ళయింది" అంది పిన్ని.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకోలేక గదిలోంచి బయటికి వచ్చేశాను.

ఆ వారంలోనే గొట్టం పెట్టి చూశారు. కణితి ఉంది. శనగగింజంత, లోపలి పొర మీదే, ఇంకా కండలోకి దిగలేదు. కోత కుట్టు లేకుండా ఆ గొట్టం దారినే గీకి తీసేశారు. ఇంకో ఏడాది బీట్‌రూట్ తిని ఉంటే సంచి మొత్తం తీసేయాల్సి వచ్చేదని సర్జను చెప్పాడు. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు, ఈయనకు ఆ కన్ను కూడా దక్కింది. తర్వాత ఆరు వారాలు, వారానికోసారి, పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే టీకా మందునే మూత్రసంచిలోకి ఎక్కించారు. ఎక్కించాక రెండు గంటలు బిగబట్టుకోవాలి. పదకొండేళ్ళు ఊళ్ళోవాళ్ళందరినీ "ఇంకా రాలేదా, ఇంకా రాలేదా" అని బాత్రూము తలుపు కొట్టి తొందరపెట్టిన మనిషి, గోడ గడియారం చూస్తూ రెండేసి గంటలు కూర్చున్నాడు. నేను అప్పుడప్పుడూ వెళ్ళి "అప్పుడేనా బాబాయ్?" అని పలకరించి వచ్చేదాన్ని.

ఉద్యోగం పోలేదు కానీ కౌంటరు పోయింది. ఆయన్ని దుప్పట్ల గదికి మార్చారు. సీసాలు కూడా ఇప్పుడు నేనే చూస్తున్నాను. తమాషా ఏమిటంటే, ఆ ఏడుగురు ఉత్తరాల మగవాళ్ళూ, అడక్కుండానే వచ్చి సీసాలు ఇచ్చారు. గుండీలు ఒలకబోసి టైలరు తెచ్చాడు. బావమరిది అనుమానం తీరక రెండు తెచ్చాడు. సిగ్గు ఏమైపోయిందో నేను అడగలేదు.

మేడమ్ పరీక్షను కమిటీ ఆపలేదు. అందరి కళ్ళూ కప్పిన మనిషిని పట్టేసిన పరీక్షను ఎవరాపుతారు? కానీ అబద్ధం కలిసిన లెక్క చెల్లదని, ఆరోగ్యవంతుల ఇరవై నమూనాలనూ పారబోసి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోమంది. ఈసారి ఇరవై కాదు, రెండు వందల మంది కావాలంది. మూడు వేరువేరు ఆస్పత్రులనుంచి తేవాలంది.

మూడు నెలలకు బాబాయి మొదటి తనిఖీ. ఆ రోజు పెద్ద వాన. నల్ల గొడుగు వేసుకుని వచ్చాడు. ఏడింటిలో ఆరు వెనక్కి తీసుకుని, ఒకటి మాత్రం మేడమే ఇచ్చేసింది, "ఒకటి పుచ్చుకోండి, నా పరీక్ష నిజమని చూపించిన మొదటి మనిషి మీరే" అని. "మీ ఆరోగ్యమే మా పరిశోధనకు బలం" అన్న అక్షరాల మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. గొడుగు ముడిచి గోడకు ఆనించి, నా కిటికీ ముందు వరసలో నిలబడ్డాడు. ముందున్నాయన సీసాలో ఎర్రజీర చూసి, ఆయన నోరు విప్పే లోపే "బీట్‌రూట్ అని చెప్పకు నాయనా, నా మాట విను" అన్నాడు. ఈసారి హాలంతా వినపడేలా అనలేదు.

అంతలో మేడమ్ మెట్లు దిగి వచ్చింది. బాబాయి ఆమెకు అడ్డం వెళ్ళి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, గొట్టం అక్కర్లేకుండా సీసాతోనే చూస్తారే, ఆ పరీక్ష మా రోగులకు ఎప్పుడొస్తుంది?"

"ఈ పాటికి వచ్చేసి ఉండాలి బాబాయ్ గారూ" అంది మేడమ్. ఎత్తిపొడుపుగా కూడా అనలేదు, ఉన్న మాట అంది. "ఆ ఇరవై సీసాలు పారబోశాం కదా. మళ్ళీ అంతా కూడదీసుకునేసరికి ఇంకో రెండేళ్ళు."

"అంటే అందాకా నాకు..."

"మూడు నెలలకొకటి. రెండేళ్ళకు ఎనిమిది గొట్టాలు."

బాబాయి లోపలి గది తలుపు వైపు చూశాడు. గోడకు ఆనించిన గొడుగు వైపు చూశాడు.

"ఇవాళ ఒకటి అయిపోతుంది కదండీ" అన్నాడు.

"అయిపోతుంది" అంది మేడమ్. "ఇంకా ఏడు."

నేను కిటికీలోంచి ఖాళీ సీసా ఆయన చేతికిచ్చి, మూత గట్టిగా బిగించమని చెప్పాను.